అత్తా అల్లుళ్ళ ముఖాముఖి

ఆదెమ్మకీ ఆమె అల్లుడికీ ఇరవై రెండేళ్ళుగా మాటల్లేవని, ఆ సంగతి ఊళ్ళో ఎవరికీ తెలియనియ్యకుండా ఇంతకాలం దాచిపెట్టారని, చివరికి గవర్నమెంటు వాళ్ళు కంప్యూటర్లో వేసి చూస్తే బయటపడిందని పక్కింటి రోశమ్మ వాటర్ ట్యాంకు దగ్గర చెప్పిందట. ఆ మాట పాలకేంద్రానికి చేరేసరికి అత్త అల్లుడి మీద రోకలి ఎత్తిందని అయింది. బస్సు షెల్టరు చేరేసరికి అల్లుడు ఒంగోలు ఆసుపత్రిలో ఉన్నాడని అయింది. ఆసుపత్రిలో ఉన్న అల్లుడు సింగరయ్య ఆ సమయానికి ఆ బస్సు షెల్టరులోనే కూర్చుని బీడీ కాల్చుకుంటున్నాడు. తన పరిస్థితి కాస్త విషమంగానే ఉందని విని, బీడీ పారేసి, లేచి ఇంటికి నడిచాడు.

ఇంటికొచ్చి చూస్తే తలుపు మీద అరచెయ్యంత ఎర్ర చీటీ అంటించి ఉంది. ‘సంభాషణా లోప కుటుంబం’ అని అచ్చు అక్షరాలు. కింద గుండ్రటి ముద్ర.

వాకిట్లో కొయ్యకి కట్టేసిన గేదె తీరిగ్గా నెమరేస్తోంది. సింగరయ్య చీటీని రెండుసార్లు కూడబలుక్కుని చదివి గేదె వైపు తిరిగాడు.

“ఏమే, తలుపుకి ఈ ఎర్ర కాయితం ఎవరు అంటించారంట?”

తలుపు చాటున చెంబు చప్పుడైంది. అంటే ఆదెమ్మ అక్కడ ఉందని. ఆమె కూడా గేదెతోనే అంది:

“చెప్పవే మీ అయ్యగారికి. ఆ విలువల పిల్ల వచ్చి అంటించి పోయింది. మనింట్లో ఏదో లోపం ఉందంట.”

“ఏం లోపమో కనుక్కోవే.”

“మాటల్లేని లోపమంటనే. నాకు మాత్రం ఏం తెలుసు.”

గేదె ఇద్దరి వాదనా విని, ఎవరి పక్షమూ పట్టకుండా తోక ఆడించింది.

తెలియనివాళ్ళకి ఇది వింతగా ఉండొచ్చుగానీ, ఆ వైపు పాత ఇళ్ళల్లో అత్త అల్లుడికి ఎదురుపడదు. ఆయన వసారాలో ఉంటే ఈమె పెరట్లో ఉంటుంది. ఆయన అన్నానికి కూర్చుంటే ఈమె కూర గిన్నె గడప దాకా తెచ్చి పెట్టి వెనక్కి పోతుంది. మాట చెప్పాల్సొస్తే గేదెకి చెబుతుంది. గేదె మేతకి పోయి ఉంటే రోటికి చెబుతుంది. రోట్లో పిండి ఉంటే స్తంభానికి చెబుతుంది. ఆయనా అంతే. వాళ్ళ ఊరు మేకలదొరువులో ఆ పద్ధతి చాలా ఇళ్ళల్లో టీవీలు వచ్చాక పోయింది. ఆదెమ్మ ఇంట్లో మాత్రం టీవీ ఆమె వంటింట్లోంచి, ఆయన వసారాలోంచి చూసేవాళ్ళు.

ఈ ఇరవై రెండేళ్ళలో గేదెలు నాలుగు మారాయి, పద్ధతి మారలేదు. పొలంలో రెండు బోర్లు వేశారు, ఒకటి ఎండిపోయింది. కూతురు కొండమ్మకి కాన్పయింది. ఆదెమ్మ పెనిమిటి పోయాడు. అన్ని సంప్రదింపులూ గేదె ద్వారానే జరిగాయి. ఒక్కనాడు ఇంట్లో గొంతు లేవలేదు. ఎంత కోపం వచ్చినా దాన్ని వాకిట్లోకి మోసుకొచ్చి, గేదెకి అర్థమయ్యేలా చెప్పేసరికి సగం చల్లారేది. మిగతా సగం గేదె నమిలేసేది.

సింగరయ్య ఆ ఇంటికి ఇల్లరికం వచ్చినవాడు. ఆ ముక్క ఊరంతా అనేదిగానీ, ఆ గడప లోపల మాత్రం ఎవరూ అనేవాళ్ళు కాదు. మగబిడ్డ లేని ఇల్లు, ఉన్నది ఒక్క కూతురు. తను కన్ను మూసేదాకా తనూ, కొండమ్మా, అల్లుడూ, మనవరాలు లిఖితా ఒక్క పొయ్యి మీద వండుకుని తినాలి. ఆదెమ్మకి దేవుడి దగ్గర అంతకు మించి అడగడానికి ఏమీ లేదు.

ఎర్ర చీటీ సంగతికొస్తే, అందులో ఆదెమ్మ చెయ్యి కూడా ఉందని చెప్పాలి.

ఆ ఏడు ఎన్నికల్లో గెలిచిన పార్టీ విలువలు కాపాడతామని చెప్పి గెలిచింది. ‘మన ఇల్లు, మన విలువలు’ అని గోడ గోడకీ రాసింది. మీటింగుకి లారీలో పోయిన ఆడవాళ్ళలో ఆదెమ్మ ముందు వరసలో కూర్చుంది. “ఇళ్ళల్లో పెద్దంతరం చిన్నంతరం పోయింది. భయం పోయింది, భక్తి పోయింది” అని నాయకుడు మైకులో బాధపడితే, ఆమె కొంగుతో కళ్ళు ఒత్తుకుని, “ఇన్నాళ్ళకి ఒకడు నా నోట్లో మాట అన్నాడు” అనుకుంది. తన ఇంటి గోడ మీద నినాదం రాసుకోమని సున్నం కూడా తనే కలిపిచ్చింది.

వీళ్ళు గెలిచాక, ఓడిన పార్టీవాళ్ళు ఊరుకున్నారా? తమ హయాంలోనే రాష్ట్రంలో విలువలు ఎక్కువుండేవని అసెంబ్లీలో లేచి కేకలు వేశారు. దాంతో గెలిచినవాళ్ళకి రోషం పొడుచుకొచ్చి, ఎవరి విలువలు ఎన్నో కొలిచి తేల్చేద్దామని ఏకంగా ‘కుటుంబ విలువల పరిరక్షణ, పునరుద్ధరణ శాఖ’ పెట్టేశారు. ఊరికో విలువల సహాయకురాలు, మండలానికో బాంధవ్యాల అధికారి. ఇంటింటికీ సర్వే.

మేకలదొరువుకి వచ్చిన సహాయకురాలి పేరు హిమబిందు. ఇరవై మూడేళ్ళ పిల్ల, చేతిలో ట్యాబు, భుజాన గొడుగు. ఆదెమ్మ ఆ పిల్లని కూర్చోబెట్టి, మజ్జిగలో కరివేపాకు నలిపి ఇచ్చి, పెళ్ళిచూపులకి కూర్చున్నట్టు ఎదురుగా కూర్చుంది.

“మీ ఇంట్లో ఎంతమందమ్మా?”

“నలుగురం.”

“అంటే ఆరు జంటలు.”

“అదేం లెక్క పాపా? ఇంట్లో ఉన్నది ఒక్క జంటే. రెండో జంటలో మగమనిషి పోయి పద్దెనిమిదేళ్ళయింది.”

“ఆ జంటలు కాదమ్మా. మీరూ మీ అమ్మాయీ ఒక జంట. మీరూ మనవరాలూ ఇంకోటి. అట్లా ఎవరితో ఎవరు మాట్లాడుతున్నారో చూస్తాం. అందరూ అందరితో ముఖాముఖి మాట్లాడితే ఆకుపచ్చ.” హిమబిందు ట్యాబు మీద వేలు కదిలిస్తూ పోయింది. అయిదు జంటలు ఇట్టే అయిపోయాయి. “మీరూ, మీ అల్లుడూ? రోజూ మాట్లాడుకుంటారా?”

ఆదెమ్మ ఈ ప్రశ్న కోసమే కాచుకుని ఉంది. సర్దుకుని కూర్చుంది.

“ఎంత మాట పాపా! మా కొండమ్మ మెడలో తాళి పడ్డ నాటి నుంచీ ఇప్పటిదాకా ఆయన ఎదటికి నేను వచ్చింది లేదు. నేరుగా ఒక్క మాట ఆడింది లేదు. మీ మండలం మొత్తం తిరుగు, ఇట్లాంటి ఇల్లు ఇంకోటి చూపించు చూద్దాం!”

పరీక్షలో నూటికి నూరూ తెచ్చుకున్న పిల్లలా ఆమె మొహం వెలిగిపోయింది. హిమబిందు ట్యాబులో రెండే గడులున్నాయి, ‘అవును’ అని ఒకటి, ‘కాదు’ అని ఒకటి. ఆ పిల్ల ఒకసారి ఆదెమ్మని చూసింది, ఒకసారి గడుల్ని చూసింది. ‘కాదు’ నొక్కింది. ట్యాబు కుయ్యిమని ఎర్రబడింది.

ఎర్ర చీటీ ఉన్న ఇంటికి ఏ కాయితమూ పుట్టదని రెండు రోజుల్లోనే తెలిసొచ్చింది. లిఖితకి నర్సింగు కాలేజీలో సీటు కౌన్సెలింగు నెలరోజుల్లో ఉంది. దానికి ‘కుటుంబ ధ్రువపత్రం’ కావాలి. మీసేవకి పోతే, ముందు మీ అమ్మమ్మనీ నాన్ననీ కలిపి రమ్మన్నారు.

ఆదెమ్మ మనవరాల్ని వెంటబెట్టుకుని మండలాఫీసుకి పోయింది. బాంధవ్యాల అధికారి విశ్వంభరరావు అంతకుముందు మత్స్యశాఖలో పనిచేశాడు. చేపల మీద అనుభవం కుటుంబాలకి ఎట్లా పనికొస్తుందో ఉత్తర్వుల్లో రాయలేదుగానీ, ఆయన మాత్రం ఏ సంసారాన్నైనా చెరువు గట్టు మీద నిలబడి చూసినట్టే చూసేవాడు.

“మాతా, ఆసీనులు కండి. ఇది శిక్షగా భావించవలదు. ప్రభుత్వం మీ ఇంటి గడపలోకి వచ్చి మీ బంధాలను మీకు తిరిగి అందజేస్తున్నది.”

“మా బంధాలు మా దగ్గరే ఉన్నాయయ్యా. మాకు గొడవల్లేవు. అది మర్యాద. అల్లుడంటే మాకు దేవుడితో సమానం.”

“దేవుడితోనైనా మనం మాట్లాడతాం కదమ్మా, ప్రార్థన రూపేణా.”

“ఆయన తిరిగి మాట్లాడడు గదయ్యా. అందుకే ఇంతకాలం సాగింది.”

విశ్వంభరరావు ఆ జవాబుని పక్కకి పెట్టి ఫారం తీశాడు. “మర్యాద అనే గడి ఇందులో లేదమ్మా. సంభాషణ అని ఉంది, సంభాషణా రాహిత్యం అని ఉంది. రాహిత్యానికి కారణాలు శాఖవారు మూడుగా గుర్తించి ఉన్నారు. ఆస్తి తగాదా, మద్యపానం, అపార్థం. మీ ఇరువురిదీ ఏ కోవకు చెందినది?”

“మూడూ కాదు.”

“అపార్థం అని రాస్తున్నాను. మీరు నన్ను అపార్థం చేసుకోకండి.” రాసి, ముద్ర కొట్టాడు. “ఇరవై ఒక్క దినములు. దినమునకు పదిహేను నిమిషములు. సాయంత్రం ఐదు గంటలకు, సహాయకురాలి సమక్షంలో, తాము, తమ అల్లుడుగారు ముఖాముఖి సంభాషించవలెను. పూర్తయిన పిమ్మట చీటీ ఆకుపచ్చ అవుతుంది. పాపకు ధ్రువపత్రం వస్తుంది.”

“నేను ఆయన ఎదురుగా కూర్చోవాలా?” ఆదెమ్మ లేచి నిలబడింది. “చచ్చి మా ఆయన దగ్గరికి పోయాక ఏ మొహం పెట్టుకుని చెప్పేది?”

“ఆ జంట మా పరిధిలోకి రాదమ్మా” అన్నాడు విశ్వంభరరావు.

మర్నాడే ఆయన జీపు వేసుకుని క్షేత్రస్థాయి పరిశీలనకి వచ్చాడు. ఇల్లంతా తిరిగి చూసి, కొండమ్మని వసారాలో నిలబెట్టి అడిగాడు: “గత ఇరవై రెండు సంవత్సరములుగా ఈ ఇరువురి నడుమ సమాచార బట్వాడా ఏ విధంగా జరిగినది?”

కొండమ్మ మొగుడి వంకా తలుపు వంకా చూసి, “గేదె ద్వారా అండీ” అంది.

ఆయన నవ్వలేదు. అధికారి ఊరికే నవ్వడు. రాసుకున్నాడు. “మధ్యవర్తి, గేదె. వయసు?”

“ఏడేళ్ళండీ.”

“శిక్షణ పొందినదా?”

“పాలిస్తుందండీ.”

“శిక్షణ లేదు. నియామక ఉత్తర్వు లేదు. అనధికార మధ్యవర్తి.” విశ్వంభరరావు పెన్ను మూత పెట్టాడు. “సంభాషణా కాలం పూర్తయ్యేవరకు సదరు గేదెను ఈ ప్రాంగణంలో ఉంచరాదు. మధ్యవర్తి అందుబాటులో ఉంటే మనుషులు మాట్లాడరు. ఇది మా శాఖలో మొదటి పాఠం.”

ఆ సాయంత్రమే గేదెని తోలుకుపోయి రోశమ్మ దొడ్లో కట్టేశారు. మూడిళ్ళకి పాలు పొయ్యాల్సిన గేదె బెంగతో ఒక పూట పాలు ఎగ్గొట్టింది. రోశమ్మ మాత్రం అది తన దగ్గరికి వచ్చాక ఏమేం చెప్పిందో ఊరంతా తిరిగి చెప్పింది.

మొదటి రోజు అయిదింటికి వసారాలో రెండు కుర్చీలు ఎదురెదురుగా వేశారు. సింగరయ్య తన కుర్చీని ఓరగా తిప్పుకుని, గోడ మీది క్యాలెండరుతో మాట్లాడబోయే వాడిలా కూర్చున్నాడు. ఆదెమ్మ కొంగు ముక్కు దాకా లాక్కుంది.

“అట్లా కాదమ్మా,” అంది హిమబిందు బతిమాలుతున్నట్టు. “రెండు మొహాలూ ఒకే ఫొటోలో పడాలి. యాప్ ఒప్పుకోదు.”

లిఖిత వచ్చి అమ్మమ్మ కొంగు మెల్లిగా వెనక్కి జరిపింది. ఆదెమ్మ తలెత్తింది. పెళ్ళినాడు పందిట్లో ఆడవాళ్ళ భుజాల సందులోంచి చూసిన మొహం అది. ఇప్పుడు మీసం సగం నెరిసి ఉంది. ఎప్పుడు నెరిసిందో ఆమెకి తెలియదు. తన వంట తిని, తన పొలం దున్ని, తన వాకిట్లోనే నెరిసింది.

అసలు కష్టం అప్పుడొచ్చింది. ఏమని పిలవాలి? గేదెతో చెప్పేటప్పుడు ‘మీ అయ్యగారు’ అంటే సరిపోయేది. నువ్వు అంటే తప్పు, మీరు అంటే పరాయి. శాఖవారు ఇది ముందే ఊహించి ‘నమూనా సంభాషణ’ అని ఒక కాయితం అచ్చు వేయించి పంపారు. ఆదెమ్మకి చదువు రాదు కాబట్టి లిఖిత చెవిలో చెబుతుంటే ఆమె పైకి అంది:

“అల్లుడూ, నేడు నీ మనోభావాలు ఎలా ఉన్నవి?”

అయిదో తరగతి దాకా చదివిన సింగరయ్య కాయితాన్ని ఎండకి పెట్టి చూశాడు. “నా మనో... భావాలు... సంతృప్తి... కరంగా ఉన్నవి అత్తయ్యా. మీ అంత... అంతరంగాన్ని నేను గౌరవిస్తున్నాను.”

గోడ అవతల రోశమ్మకి దగ్గు తెర వచ్చింది. ఆ దగ్గు చాలాసేపు తగ్గలేదు.

రెండో రోజు నుంచి కాయితం అక్కర్లేకపోయింది. వాన గురించి ఒకరోజు, పొగాకు ఆకు రంగు తిరగడం గురించి ఒకరోజు, కరెంటు కోత గురించి రెండు రోజులు నడిచింది. పదిహేను నిమిషాలు కాగానే ఇద్దరూ బళ్ళో గంట కొట్టిన పిల్లల్లా చెరో దిక్కుకి లేచిపోయేవాళ్ళు. ఆదెమ్మకి ఒక దశలో, పోనీలే, ఇదీ అంత పాపమేం కాదేమో అనిపించింది. వారం దాటాక ట్యాబు పసుపుపచ్చగా మారి మొరాయించింది.

“ఉపరితల సంభాషణ అని చూపిస్తోందమ్మా” అంది హిమబిందు ఏడుపుమొహంతో. “వాన సంగతులు ఇక తీసుకోదంట. మనసులో మాట కావాలి. మా సారు రోజూ ఫోను. నా కింద మూడు ఎర్ర ఇళ్ళు మిగిలితే నన్ను ఏజెన్సీకి మారుస్తామంటున్నారు. ఏదన్నా ఒక్క మాట, మీ మధ్య ఎప్పుడూ అనుకోనిది. చిన్నదైనా సరే.”

“ఎప్పుడూ అనుకోనివి చాలా ఉన్నాయి పాపా,” అంది ఆదెమ్మ. “అందుకే బాగున్నాం.”

అయినా కౌన్సెలింగు దగ్గర పడుతోంది. లిఖిత తలుపు పక్కన గోళ్ళు కొరుక్కుంటూ నిలబడి ఉంది. పన్నెండో రోజు సింగరయ్యే ధైర్యం చేశాడు. ఎవరికీ నొప్పి తగలని మాట ఏదా అని వెతికి వెతికి, ఒకటి పట్టుకున్నాడు.

“మనసులో మాటంటే... పెద్దగా ఏం లేదు. పులుసులో చింతపండు కాస్త ఎక్కువ పడుద్ది.”

ట్యాబు టింగుమంది. పచ్చగీత ఒక అంగుళం లేచింది. హిమబిందు చప్పట్లు కొట్టబోయి ఆగింది.

ఆదెమ్మ కొంగు సర్దుకోవడం మానేసింది. “ఎప్పట్నించి?”

“మొదట్నించీ.”

“ఇరవై రెండేళ్ళు పుల్లంగా ఉన్న పులుసు మారు వడ్డించుకుని తిన్నావా? చాలని అనలేకపోయావా?”

“ఎవరితో అననత్తా? గేదెతోనా?”

“అన్నీ గేదెతో అనలా? మీ మామ పెట్టిన సపోటా చెట్టు కొట్టించావు. నన్ను అడిగావా?”

“అడిగాను. వాకిట్లో నిలబడి గేదెతో అన్నాను. లోపల్నించి ఎవరూ ఏమీ అనలా.”

“ఆ రోజు నేను మా చెల్లెలి ఊళ్ళో ఉన్నా!”

“నాకెట్లా తెలుసు? నువ్వు ఇంట్లో ఉన్నా కనపడవు, ఊళ్ళో లేకపోయినా కనపడవు!”

టింగు, టింగు. కొండమ్మ ఇద్దరి మధ్యకి వచ్చి, “ఇంక చాల్లే అమ్మా, పదిహేను నిమిషాలు ఎప్పుడో అయ్యాయి” అంది. ఎవరూ వినలేదు. ఇరవై రెండేళ్ళ మాటలు గేదె నమలకుండా, పచ్చివి పచ్చిగానే బయటికి వస్తున్నాయి. గేటు పెట్టిన దిక్కు, అమ్మేసిన దూడ, పండక్కి కొన్న చీర రంగు, చుట్ట వాసన. వంటింట్లోకి వినపడేలా దగ్గడం కూడా వచ్చింది.

“నా ఇంట్లో నా చెట్టు నరికి నన్నే అంటావా?” అంది ఆదెమ్మ.

“నీ ఇల్లా? మరి ఇన్నేళ్ళూ నేనెవర్ని? జీతగాడినా?”

“జీతగాడివని నేనన్నానా? ఇల్లరికం వచ్చినోడు ఇల్లరికం వచ్చినట్టు ఉండాలని అన్నా!”

 గోడ అవతల రోశమ్మ దగ్గు ఆగిపోయింది.

ట్యాబులో మాత్రం తెర నిండా పూలు రాలాయి. వీణ మోగింది. ‘అభినందనలు! లోతైన సంభాషణ. నలభై ఏడు నిమిషాలు. మిగిలిన దినముల నుండి మీకు మినహాయింపు.’ హిమబిందు కళ్ళు తుడుచుకుంటూ సారుకి ఫోను చేసింది. “వచ్చేసింది సార్! పచ్చ వచ్చేసింది!”

మర్నాడు పొద్దున సింగరయ్య సంచి సర్దుకున్నాడు. కొండ కింద తన అన్నగారి ఊళ్ళో ఒక రేకుల ఇల్లు ఖాళీగా ఉందట. కొండమ్మ పొయ్యి దగ్గరికి వచ్చి నిలబడింది. “అమ్మా, నేనేం చెయ్యను? ఆయన్ని ఒక్కణ్ణే పంపనా?”

“పంపగూడదు” అంది ఆదెమ్మ. ఆమె నమ్మిన విలువలు అట్లాంటివి మరి. మొగుడు ఒకచోట, పెళ్ళాం ఒకచోట ఉండే సంసారం ఆమె చూడలేదు, చూడబోదు.

ఆటో వచ్చింది. ఆదెమ్మ తలుపు చాటుకి వచ్చింది. ఉండమని చెప్పాలి. నోరు జారిందని చెప్పాలి. సింగరయ్య కూడా వాకిట్లో ఆగాడు. ఏదో ఒకటి చెప్పాలనే ఆగాడు. అలవాటు కొద్దీ ఇద్దరూ ఒకేసారి కొయ్య వైపు చూశారు. కొయ్యకి పలుపు ముక్క వేలాడుతోంది. గేదె ఇంకా రోశమ్మ దొడ్లోనే ఉంది. అనధికార మధ్యవర్తిని వెనక్కి ఇవ్వాలంటే విడిగా ఉత్తర్వు రావాలని చెప్పారు. నేరుగా మాట్లాడటం ఇద్దరికీ నేర్పారుగానీ, అది తిట్టుకోవడానికే వచ్చింది. ఆటో కదిలిపోయింది.

లిఖితకి ధ్రువపత్రం వచ్చింది, సీటూ వచ్చింది. ఆ పిల్ల కాలేజీ హాస్టలుకి పోయింది.

రెండో విడత సర్వేకి హిమబిందు వచ్చేసరికి ఇంట్లో ఆదెమ్మ ఒక్కతే ఉంది. ఆ పిల్ల ట్యాబు నింపింది. సభ్యులు ఒకరు. జంటలు సున్నా. మాటల్లేని జంటలు సున్నా. ట్యాబు ఒక్క క్షణం ఆలోచించి, ఆకుపచ్చలో కూడా ముదురు ఆకుపచ్చ చూపించింది. ‘సంపూర్ణ సామరస్యం. నూటికి నూరు.’

హిమబిందు భయపడి సారుకి ఫోను చేసింది. “సార్, ఏదో తప్పు పడింది. ఇంట్లో ఆవిడ ఒక్కతే ఉంది.”

“ఒక్కతే ఉంటే కలహం ఉన్నదా అమ్మాయీ?”

“లేదు సార్.”

“అపార్థం?”

“ఎవరితో సార్?”

“అదే నేనూ అడుగుతున్నాను. ఎవరితో? మరి తప్పు ఎక్కడ?”

ఫోను పెట్టేశాక విశ్వంభరరావు చాలాసేపు ఆలోచించాడు. చేపల చెరువులో ఇరుకైతే చేప చస్తుంది, విడదీసి వదిలితే బతుకుతుంది. ఆ జ్ఞానం ఇన్నాళ్ళకి అక్కరకొచ్చింది. పెద్ద కుటుంబాల్లో ఎరుపు ఎక్కువగానూ, చిన్న కుటుంబాల్లో ఆకుపచ్చ ఎక్కువగానూ ఉన్నట్టు, ఒంటరి సభ్యుల కుటుంబాల్లో విలువలు సంపూర్ణంగా వికసించినట్టు పైకి నివేదిక పంపాడు. పైవాళ్ళు మెచ్చుకున్నారు. ఒక్కో రేషన్ కార్డుని ఒక్కో కుటుంబంగా లెక్కిస్తారు కాబట్టి, మండలమంతటా ‘కార్డు విభజన మేళా’ పెట్టారు. అన్నదమ్ములకి చెరో కార్డు, అత్తాకోడళ్ళకి చెరో కార్డు, ముసలాళ్ళకి వేరే కార్డు. ఒకే కార్డు ఉన్నవాళ్ళు ఒకే పొయ్యి వాడాలని నిబంధన ఉంది కాబట్టి, రెండు కార్డులున్నవాళ్ళు రెండు పొయ్యిలు పెట్టుకున్నారు. రెండు పొయ్యిలున్నాక మధ్యలో గోడ కట్టుకున్నారు. రెండు నెలల్లో మేకలదొరువులో ఎర్ర చీటీ అన్నది మచ్చుకైనా లేకుండా పోయింది. రోశమ్మ కొడుకూ కోడలూ పక్క వీధికి మారారు. అప్పట్నించీ రోశమ్మ గోడ అవతల దగ్గడం మానేసింది.

జిల్లాలో మొదటి ఆదర్శ కుటుంబంగా ఆదెమ్మ కుటుంబం ఎంపికైంది.

సన్మానానికి మంత్రిగారు స్వయంగా వచ్చారు. ఆదెమ్మ ఇంటి ముందే షామియానా వేశారు. మైకులో ‘మన ఇల్లు, మన విలువలు’ పాట రెండు గంటలు మోగింది. ఊరంతా వచ్చిందిగానీ, ఎవరి కార్డు వాళ్ళు పట్టుకుని ఎడంగా కూర్చున్నారు.

“ఆదర్శ కుటుంబ సభ్యులందరూ వేదిక మీదికి రావాలని సవినయంగా కోరుతున్నాం” అన్నాడు విశ్వంభరరావు.

ఆదెమ్మ ఎక్కింది. మంత్రిగారు ఆమె వెనక ఇంకెవరైనా వస్తారేమోనని మెట్ల వైపు చూస్తూ కాసేపు నిలబడ్డారు. విశ్వంభరరావు ఆయన చెవిలో ఏదో చెప్పాడు. మంత్రిగారు తలాడించారు. ఫొటోగ్రాఫరు కెమెరా ఎత్తి, అలవాటుగా, “కుటుంబం వాళ్ళు కొంచెం దగ్గరికి జరగండి” అన్నాడు. ఆదెమ్మ కదల్లేదు. జరగడానికి ఎవరి దగ్గరికని?

శాలువా కప్పారు. ఇత్తడి ఫలకం చేతిలో పెట్టారు. మంత్రిగారు మైకు అందుకున్నారు.

“నా అక్కచెల్లెళ్ళారా! ఒకప్పుడు ఈ తల్లి ఇంటి తలుపు మీద ఎర్ర చీటీ ఉండేది. అత్తా అల్లుళ్ళ మధ్య ఇరవై రెండు సంవత్సరాల మౌనం! ఆ మౌనాన్ని బద్దలు కొట్టిన ఘనత ఎవరిది? మన ప్రభుత్వానిది! ఈ రోజు ఈ ఇంట్లో ఒక్క అపార్థం లేదు, ఒక్క తగాదా లేదు. పక్క రాష్ట్రాల వాళ్ళు వచ్చి మన దగ్గర నేర్చుకుపోతున్నారు!”

చప్పట్లు పడ్డాయి. ఆ ఊపులో మంత్రిగారి మనసు కరిగింది. ఆదెమ్మ భుజం మీద చెయ్యి వేసి, మైకు ఆమె నోటి దగ్గర పెట్టారు.

“చెప్పు తల్లీ. ఈ ప్రభుత్వం నీ పెద్దకొడుకు అనుకో. మొహమాటపడకు. నీకు ఏం కావాలన్నా అడుగు, ఇక్కడికిక్కడ, ఈ వేదిక మీదే మంజూరు చేస్తాను.”

కలెక్టరాఫీసు వాళ్ళు రాసుకోవడానికి పెన్నులు తీశారు. ఆదెమ్మ ఫలకాన్ని కుర్చీలో పెట్టి, కొంగు తల మీదికి లాక్కుంది.

“మా అల్లుడికీ నాకూ మళ్ళీ మాటల్లేకుండా చెయ్యి నాయనా. నీకు చేతనైతే.”